ఫిల్మ్ సబ్‌స్ట్రేట్ మీద ఏ దిశలో కూర్చుంది: కాగితం లెక్క నుంచి ఎక్స్‌రే రుజువు దాకా

"రెండు తీటా స్కాన్‌లో ఫిల్మ్‌కి (002), (004) పీకులు తప్ప ఇంకేమీ రాలేదు. ఎపిటాక్సీ వచ్చేసినట్టేనా?" థిన్ ఫిల్మ్ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఇది. ఎపిటాక్సీ అంటే కింది స్ఫటికపు పలక (సబ్‌స్ట్రేట్) అణువుల వరుసలకి కలిసేలా ఫిల్మ్ అణువులు కూర్చోవడం. (002) లాంటివి అణుతలాల సూచికలు. వచ్చేసినట్టు కాదు. ఎక్స్‌రే కోణం మారుస్తూ తీవ్రత కొలిచే ఆ స్కాన్ నిలువు దిశ ఒక్కటే చూపిస్తుంది. గుంపులో అందరూ నిటారుగానే నిలబడి తలో దిక్కుకీ చూస్తుండొచ్చు. ఫిల్మ్‌లోని గింజలు కూడా అలా ఉండొచ్చు. నిలువు దిశ, అడ్డం దిశ రెండూ సబ్‌స్ట్రేట్‌తో ముడిపడ్డాయని విడివిడిగా చూపించాకే అమరిక తేలినట్టు.

ఈ మార్గదర్శి అంతటా రెండు జతలు ఉదాహరణలుగా వస్తాయి. సులువైనది స్ట్రాంషియం టైటనేట్ (001) మీద స్ట్రాంషియం రుథినేట్. చిక్కుది సఫైర్ (0001) మీద గాలియం నైట్రైడ్. సూచికల్లో చిన్న గీత తర్వాత వచ్చే అంకె రుణాత్మకం, ఉదాహరణకి (11-20).

## 1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- రెండు పదార్థాల లాటిస్ పొడవులు (స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న పెట్టె, అంటే యూనిట్ సెల్, అంచుల పొడవులు) గది ఉష్ణోగ్రత దగ్గర. నిర్మాణ ఫైళ్లు ఉంటే ఇంకా మంచిది.
- రెండింటి ఉష్ణ వ్యాకోచ గుణకాలు.
- సబ్‌స్ట్రేట్ కొన్నప్పుడు వచ్చిన కాగితం. అందులో తలం, అంచు దిశ, మిస్‌కట్ కోణం (కోత అసలు తలం నుంచి ఎంత వాలిందో) ఉంటాయి.
- స్ఫటిక తలాన్ని కోసి చూపించే ఏదైనా సాఫ్ట్‌వేర్. వాణిజ్యేతర వాడకానికి వెస్టా ఉచితం, ఈ పనికి అది చాలు.
- నాలుగు వృత్తాల గోనియోమీటర్ ఉన్న ఎక్స్‌రే యంత్రం. అంటే ఒమేగా (కిరణం నమూనాని తాకే కోణం), రెండు తీటా (డిటెక్టర్ కోణం), ఖై (నమూనా పక్కకి వంగే కోణం), ఫై (నమూనా తన చుట్టూ తిరిగే కోణం) నాలుగూ కదలాలి. పొడి నమూనాల కోసం పెట్టిన మామూలు యంత్రంతో నిలువు దిశ దాటి పోలేరు.

సబ్‌స్ట్రేట్ ముక్కకి ఒక మూల దగ్గర, వెనక వైపు, డైమండ్ పెన్నుతో గుర్తు గీయండి. ఏ అంచు ఏ దిశో నోట్‌బుక్‌లో బొమ్మ వేసుకోండి. 5 × 5 మిల్లీమీటర్ల చతురస్రాన్ని ఒకసారి తిప్పి పెడితే మళ్లీ గుర్తుపట్టడానికి ఇంకో దారి లేదు.

## 2. మిస్‌మ్యాచ్ లెక్క: కలిసే తలంలోని పొడవులనే పోల్చాలి

పట్టికలోంచి రెండు లాటిస్ పొడవులు తీసి తీసివేత చేయడం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే పొరపాటు. పోల్చాల్సింది సరిహద్దు తలంలో ఒకే దిశలో మళ్లీ మళ్లీ వచ్చే దూరాలను.

ఇక్కడ వాడే సూత్రం:

మిస్‌మ్యాచ్ = (సబ్‌స్ట్రేట్ దూరం − ఫిల్మ్ దూరం) ÷ ఫిల్మ్ దూరం

జవాబు ధనాత్మకమైతే ఫిల్మ్ సాగుతుంది, రుణాత్మకమైతే నొక్కుకుంటుంది. దీన్ని తిరగేసి, సబ్‌స్ట్రేట్‌తో భాగించి రాసేవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఏ పేపర్‌లోని అంకె తీసుకున్నా ముందు వాళ్ల సూత్రం చూడండి, లేకపోతే గుర్తు తారుమారై సాగే ఫిల్మ్ నొక్కుకునే ఫిల్మ్ అయిపోతుంది.

సులువైన జత. స్ట్రాంషియం టైటనేట్ 3.905 ఆంగ్‌స్ట్రామ్‌లు. స్ట్రాంషియం రుథినేట్ నిజానికి ఆర్థోరాంబిక్ (మూడు అంచులూ వేరువేరు పొడవులున్న పెట్టె), దాన్ని ఘనంగా ఊహించుకుంటే సుమారు 3.93. లెక్క కడితే −0.64%. ఫిల్మ్ అడ్డంగా నొక్కుకుంటుంది, ఘనం మీద ఘనంగా కూర్చుంటుంది.

చిక్కు జత. గాలియం నైట్రైడ్ అడ్డపు పొడవు 3.189, సఫైర్‌ది 4.758. నేరుగా పోలిస్తే 49% తేడా వస్తుంది, అది అతికే మాట కాదు. కానీ సఫైర్ యూనిట్ సెల్ పెద్దది. అందులో అల్యూమినియం అణువుల మధ్య అడ్డపు దూరం 4.758 ÷ √3 = 2.747, పైగా ఆ చిన్న జాలం పెద్ద సెల్‌కి 30° తిరిగి ఉంటుంది. గాలియం నైట్రైడ్ కూర్చునేది ఆ చిన్న జాలం మీద. అప్పుడు లెక్క (2.747 − 3.189) ÷ 3.189 = −13.9%. సబ్‌స్ట్రేట్‌తో భాగిస్తే ఇదే 16.1% అవుతుంది. పుస్తకాల్లో ఒకచోట 14, ఇంకోచోట 16 కనిపించడానికి కారణం ఇదే.

ఈ లెక్కలో తేలిన సంబంధాన్ని కొలతకి ముందే రాసి పెట్టుకోండి:

- నిలువు: గాలియం నైట్రైడ్ (0001), సఫైర్ (0001) సమాంతరం.
- అడ్డం: గాలియం నైట్రైడ్ [10-10], సఫైర్ [11-20] సమాంతరం.

ఏ రెండు తలాలు కలుస్తాయో ముందుగా తెలియని జత అయితే చేత్తో వెతకొద్దు. రెండు తలాల్లోనూ చిన్న సూపర్‌సెల్‌లు (కొన్ని యూనిట్ సెల్‌లు కలిపిన పెట్టెలు) పేర్చి, వైశాల్యం, కోణం, పొడవు మూడూ దగ్గరపడే జతలను ఏరే జూర్–మెక్‌గిల్ పద్ధతి పైమాట్‌జెన్ అనే పైథాన్ లైబ్రరీలో సిద్ధంగా ఉంది. అది ఇచ్చే జాబితాలో మొదటి వరుసే నిజమని మాత్రం నమ్మకండి. ఆ లెక్కకి కేవలం జ్యామితి తెలుసు, ఏ అణువు పక్కన ఏ అణువు నిలవగలదో తెలియదు.

## 3. తేడా పెద్దదైతే గుణిజాలు చూడండి

మిస్‌మ్యాచ్ 7–8% దాటితే ఒకటికి ఒకటిగా సాగదీసి అతికించడం కుదరదు. అప్పుడు ఫిల్మ్‌లో ఇన్ని వరుసలకి సబ్‌స్ట్రేట్‌లో అన్ని వరుసలు అన్న లెక్కలో సర్దుకుంటుంది. దీన్ని డొమైన్ మ్యాచింగ్ అంటారు.

లెక్క ఇలా చేయండి:

1. ఫిల్మ్ దూరాన్ని 1 నుంచి 10 దాకా గుణించి ఒక నిలువు వరుసలో రాయండి.
2. సబ్‌స్ట్రేట్ దూరాన్నీ అలాగే గుణించి పక్కన రాయండి.
3. తేడా 2% లోపు వచ్చే జతల్లో అతి చిన్నదాన్ని గుర్తించండి.

గాలియం నైట్రైడ్‌కి: 6 × 3.189 = 19.13, 7 × 2.747 = 19.23. మిగిలిన తేడా 0.5%. అంటే ప్రతి 1.9 నానోమీటర్లకి సరిహద్దులో ఒక మిస్‌ఫిట్ డిస్‌లొకేషన్ (అవతల వైపు జోడు దొరకని అదనపు అణువుల వరుస) ఉండాలి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో తర్వాత లెక్కపెట్టి సరిచూసుకునే అంకె ఇదే.

సిలికాన్ (111) మీద అల్యూమినియం నైట్రైడ్‌కి: 5 × 3.112 = 15.56, 4 × 3.840 = 15.36. మిగిలేది 1.3%. ఇక్కడ 3.840 ఎక్కడిదంటే 5.431 ÷ √2. ఉపరితలం మీది దూరం అది, ఘనపు అంచు పొడవు కాదు.

సిలికాన్ (001) మీద టైటానియం నైట్రైడ్ కొంచెం మొండిది. 4 × 4.24కి 3 × 5.431 పెడితే ఫిల్మ్ 4% పెద్దది, 5కి 4 పెడితే 2.4% చిన్నది. ఏదీ సరిగ్గా సరిపోదు, అందుకే రెండు రకాల డొమైన్‌లూ కలిసి వస్తాయి.

## 4. ఎన్ని డొమైన్‌లు రావచ్చో ముందే లెక్కేయండి

సబ్‌స్ట్రేట్ ఉపరితలానికి ఎన్ని మడతల సౌష్ఠవం (ఒక చుట్టు తిప్పితే ఎన్నిసార్లు ఒకేలా కనిపిస్తుందో ఆ అంకె), ఫిల్మ్ తలానికి ఎన్ని మడతల సౌష్ఠవం అన్నది చూడండి. ఆ రెండు అంకెల క.సా.గు.ని ఫిల్మ్ మడతలతో భాగిస్తే, తిరిగి ఉండే డొమైన్‌లు (ఒకే దిశకి చూసే ప్రాంతాలు) కనీసం ఎన్నో వస్తుంది.

- 4 మడతల తలం మీద 4 మడతల ఫిల్మ్: 4 ÷ 4 = 1.
- 4 మడతల తలం మీద 6 మడతల ఫిల్మ్: 12 ÷ 6 = 2. ఒకదానికొకటి 30° తిరిగి ఉంటాయి, ఫై స్కాన్‌లో (నమూనాని తన చుట్టూ తిప్పుతూ కొలిచేది, 7.4 చూడండి) 12 పీకులు వస్తాయి.
- 6 మడతల తలం మీద 3 మడతల ఫిల్మ్: 6 ÷ 3 = 2. ఇవి ఒకదానికొకటి 60° తిరిగిన జంటలు, అంటే ట్విన్‌లు. సఫైర్ మీద ప్లాటినం (111) వేస్తే 3 రావాల్సిన చోట 6 కనిపించేది ఇలాంటి ట్విన్‌ల వల్లే.

ఈ లెక్క చేయకుండా ఫై స్కాన్‌కి వెళితే, 12 పీకులు చూసి ఫిల్మ్ పాడైందనుకుని ఉష్ణోగ్రతలు మారుస్తూ కూర్చుంటారు. సౌష్ఠవం వల్ల వచ్చిన డొమైన్‌లు ఉష్ణోగ్రతతో పోవు. సబ్‌స్ట్రేట్ మార్చాలి, లేదా మిస్‌కట్ ఉన్న ముక్క తీసుకోవాలి.

## 5. మందం, ఉష్ణోగ్రత

ఫిల్మ్ ఎంత మందం దాకా సబ్‌స్ట్రేట్ కొలతకి ఒదిగి ఉంటుందన్నది మిస్‌మ్యాచ్‌ని బట్టి ఉంటుంది. మోటు అంచనాకి: 1% దగ్గర సుమారు 10 నానోమీటర్ల స్థాయి, 2% దాటితే కొద్ది నానోమీటర్లు, 4% దగ్గర కొన్ని పొరలే. సిలికాన్ మీద జెర్మేనియం 4.2%తో మూడు నాలుగు అణు పొరలయ్యాక దిబ్బలుగా లేస్తుంది. తక్కువ ఉష్ణోగ్రతలో పెంచితే డిస్‌లొకేషన్‌లు కదలలేవు, కాబట్టి ఒదిగిన ఫిల్మ్ ఈ అంచనా దాటి కూడా నిలబడొచ్చు. తర్వాత వేడి చేసినప్పుడు ఆ ఒదుగు సడలి, ఫిల్మ్ తన సహజ పొడవుకి జారిపోతుంది.

కొలిచేది గదిలోనే అయినా ఫిల్మ్ పెరిగింది వేడిలో. సిలికాన్ మీద గాలియం నైట్రైడ్‌ని చూడండి. గుణకాలు సుమారు డిగ్రీకి 2.6, 5.6 మిలియన్ వంతులు. 1000 డిగ్రీలు దిగితే 0.3% సాగు వస్తుంది, ఫిల్మ్ పగుళ్లు పడుతుంది. సఫైర్ మీద అదే ఫిల్మ్ నొక్కుకుంటుంది, ఎందుకంటే సఫైర్ (7.5) దానికన్నా ఎక్కువ ముడుచుకుంటుంది. కాబట్టి గదిలో కొలిచిన స్ట్రెయిన్ (సాగు లేదా నొక్కు) మొత్తాన్నీ లాటిస్ మిస్‌మ్యాచ్ ఖాతాలో రాయకండి.

## 6. సబ్‌స్ట్రేట్ ఉపరితలం

లెక్క ఎంత బాగా కుదిరినా, ఉపరితలం మీద 1–2 నానోమీటర్ల అస్ఫటిక పొర ఉంటే ఫిల్మ్‌కి కింద ఏముందో కనిపించదు. సిలికాన్ మీద గాలిలో ఏర్పడే ఆక్సైడ్ సరిగ్గా ఆ మందమే.

స్ట్రాంషియం టైటనేట్ (001), టైటానియం ఆక్సైడ్ పొర పైకి వచ్చేలా:

1. ఎసిటోన్, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఒక్కొక్కటి 5 నిమిషాలు అల్ట్రాసోనిక్‌లో.
2. డీఅయనైజ్డ్ నీళ్లలో 10 నిమిషాలు అల్ట్రాసోనిక్. ఉపరితలం మీది స్ట్రాంషియం ఆక్సైడ్ నీటితో కలిసి హైడ్రాక్సైడ్ అవుతుంది. ఈ అంచె వదిలేస్తే తర్వాతి ఎచింగ్ సమంగా జరగదు.
3. బఫర్డ్ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో 30 సెకన్లు. ఎక్కువైతే గుంటలు పడతాయి.
4. నీళ్లలో బాగా కడిగి, నైట్రోజన్‌తో ఆరబెట్టాలి.
5. ఆక్సిజన్ ప్రవాహంలో 950 డిగ్రీల దగ్గర 1–2 గంటలు.

హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో ఆటలొద్దు. చర్మం మీద పడితే మొదట నొప్పి కూడా తెలియకపోవచ్చు, లోపల ఎముక దాకా పోతుంది. గాజు పాత్ర పనికిరాదు, టెఫ్లాన్ లేదా పాలీప్రొపిలీన్ వాడాలి. కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికి అందే దూరంలో ఉండాలి, ఒంటరిగా ఆ పని చేయకూడదు. ఈ ఏర్పాట్లు లేని చోట ఈ అంచె జోలికి పోవద్దు.

పని కుదిరిందో లేదో అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్‌లో చూడండి. మెట్ల ఎత్తు 0.39 నానోమీటర్లు ఉండాలి. సగం ఎత్తు మెట్లు, అంటే 0.2 దగ్గర, కనిపిస్తే రెండు రకాల పొరలూ పైన కలిసి ఉన్నట్టు. మెట్టు వెడల్పు మిస్‌కట్‌ని బట్టి వస్తుంది: 0.1° అయితే 0.39 ÷ టాన్ 0.1° = దాదాపు 224 నానోమీటర్లు. కాగితం మీద 0.1° అని ఉండి మెట్లు 60 నానోమీటర్లే ఉంటే నమ్మాల్సింది మెట్లను.

సఫైర్‌కి ఆమ్లం అవసరం లేదు. శుభ్రం చేసి గాలిలో 1100 డిగ్రీలు దాటించి ఒక గంట ఉంచితే మెట్లు తేలతాయి. దాని మీద గాలియం నైట్రైడ్‌ని నేరుగా 1000 డిగ్రీల దగ్గర పెంచకండి. ముందు 500–600 డిగ్రీల దగ్గర 20–30 నానోమీటర్ల పలుచని పొర వేసి, తర్వాతే వేడి పెంచాలి. సిలికాన్ అయితే ముందు అల్యూమినియం నైట్రైడ్ పొర తప్పనిసరి, లేకపోతే గాలియం సిలికాన్‌ని తినేసి ఉపరితలం గుంటలు పడుతుంది.

## 7. ఎక్స్‌రే కొలతలు, ఈ వరసలోనే

### 7.1 అలైన్‌మెంట్

కిరణపుంజం సగానికి తెగేదాకా నమూనా ఎత్తు సర్దండి. తర్వాత సబ్‌స్ట్రేట్ పీకుకి ఒమేగా, ఖై రెండూ మార్చిమార్చి గరిష్ఠానికి తీసుకురండి. ఒకసారి చాలదు, రెండు మూడు చుట్లు కావాలి. ఫిల్మ్ పీకుతో అలైన్ చేయొద్దు. ఇక్కడి నుంచి చివరి కొలత దాకా నమూనాని స్టేజీ మీంచి కదపకూడదు.

### 7.2 పొడవైన రెండు తీటా స్కాన్

10° నుంచి 110° దాకా చేసి తీవ్రతని లాగ్ స్కేల్‌లో చూడండి. మామూలు స్కేల్‌లో వెయ్యో వంతు ఉన్న తప్పు దిశ గింజలు కనిపించవు.

రాగి ట్యూబ్‌తో స్ట్రాంషియం టైటనేట్ (002) పీకు 46.47° దగ్గర వస్తుంది. మోనోక్రొమేటర్ (ఒకే తరంగదైర్ఘ్యాన్ని వదిలేది) లేకపోతే దాని దెయ్యాలు కూడా వస్తాయి: 41.8° దగ్గర రాగి బీటా గీత, 44.4° దగ్గర పాత ట్యూబ్‌లోని టంగ్‌స్టన్ గీత, 46.6° దగ్గర ఆల్ఫా రెండో గీత. వీటికి ఫిల్మ్ ఫేజ్‌ల పేర్లు పెట్టేసిన వాళ్లు చాలామంది. ఖాళీ సబ్‌స్ట్రేట్ మీద అదే స్కాన్ ఒకటి తీసి పక్కన పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

ఇప్పుడు ఫిల్మ్ పీకు ఎక్కడ రావాలో లెక్కకట్టండి. రుథినేట్ పూర్తిగా ఒదిగితే అడ్డంగా 0.64% నొక్కుకుంటుంది. పాయిసన్ నిష్పత్తి (ఒక దిశలో నొక్కితే మరో దిశలో ఎంత సాగుతుందో చెప్పే అంకె) 0.3 అనుకుంటే నిలువుగా దానికి 0.857 రెట్లు, అంటే 0.55% సాగాలి: 3.93 నుంచి 3.95కి. స్ట్రెయిన్ లేకపోతే (002) 46.16° దగ్గర, ఒదిగితే 45.89° దగ్గర. కొలత ఈ రెంటి మధ్య పడితే కొంత జారినట్టు. 45.89కి కూడా ఎడమకి పోతే స్ట్రెయిన్ ఒక్కటే కారణం కాదు, ఫిల్మ్ కూర్పు మీద అనుమానపడండి. పల్స్‌డ్ లేజర్‌తో వేసిన ఆక్సైడ్ ఫిల్మ్‌లలో ఇది తరచూ కనిపించే జబ్బు.

పీకు పక్కన అలలు కనిపిస్తే సంతోషించొచ్చు, సరిహద్దులు నున్నగా ఉన్నాయి. పక్కపక్క అలల మధ్య 0.45° ఉంటే మందం సుమారు 21 నానోమీటర్లు.

### 7.3 రాకింగ్ కర్వ్

ఫిల్మ్ పీకు దగ్గర డిటెక్టర్‌ని ఆపి ఒమేగా ఊపండి. పీకు ఎంత సన్నగా ఉంటే గింజలు అంత ఒకే వైపు నిలబడినట్టు. పక్కనే సబ్‌స్ట్రేట్‌ది కూడా తీయండి. సబ్‌స్ట్రేట్ వెడల్పే 0.1° ఉంటే ఫిల్మ్‌ని తిట్టి లాభం లేదు.

గాలియం నైట్రైడ్‌లో ఒక మోసం ఉంది. (0002) రాకింగ్ కర్వ్ సన్నగా వచ్చినంత మాత్రాన ఫిల్మ్ బాగున్నట్టు కాదు. నిలువుగా పోయే ఎడ్జ్ డిస్‌లొకేషన్‌లు గింజలను తమ అక్షం చుట్టూ తిప్పుతాయి తప్ప వంచవు, కాబట్టి (0002) వాటిని చూడలేదు. (10-12) కూడా కొలిస్తేనే బండారం బయటపడుతుంది. ఒక్క (0002) అంకె మాత్రమే చూపించే రిపోర్టుని నేనైతే సగమే చదివినట్టు లెక్కేస్తాను.

### 7.4 ఫై స్కాన్

అడ్డపు అమరికకి రుజువు ఇదే.

1. వంపుగా ఉన్న తలాన్ని ఎంచుకోండి. గాలియం నైట్రైడ్‌కి (10-12): రెండు తీటా 48.1°, ఖై 43.2°.
2. సబ్‌స్ట్రేట్‌లో ఒకటి ఎంచుకోండి. సఫైర్‌కి (11-23): రెండు తీటా 43.4°, ఖై 61.2°.
3. ఒక పీకు దొరికాక ఖై, ఒమేగా సర్ది గరిష్ఠానికి తెచ్చి, ఫై 360° తిప్పండి. 0.1–0.2° అంచెలు చాలు.
4. నమూనా కదపకుండా రెండోది కూడా కొలవండి.
5. రెండు స్కాన్‌లనూ ఒకే ఫై అక్షం మీద, ఒకదాని కింద ఒకటి గీయండి.

రెండింటికీ ఆరేసి పీకులు వస్తాయి, ఒకే ఫై దగ్గర. ఇక్కడే చాలామంది "పీకులు కలిశాయి, తిరుగుడు లేదు" అని రాసేస్తారు. అది తప్పు. ఫిల్మ్‌లో చూసింది [10-10] వైపు వంగిన తలాన్ని, సఫైర్‌లో చూసింది [11-20] వైపు వంగిన తలాన్ని. ఆ రెండు దిశలూ ఒకే ఫైలో పడ్డాయంటే యూనిట్ సెల్‌లు 30° తిరిగి ఉన్నాయనే అర్థం. అదే సఫైర్‌లో (10-14) ఎంచుకుని ఉంటే మూడే పీకులు వచ్చేవి, అవి ఫిల్మ్ పీకులకి 30° దూరంలో కనిపించేవి. నమూనా అదే, అమరిక అదే. పీకుల స్థానాలను కాదు, ఆ తలాలు అడ్డంగా ఏ దిశకి చూస్తున్నాయో దాన్ని పోల్చాలి.

ఇంకో ఉచ్చు రుథినేట్ జతలో ఉంది. ఫిల్మ్ (101), సబ్‌స్ట్రేట్ (101) రెండూ 32.2–32.4° మధ్యే ఉంటాయి. ఫిల్మ్‌వి అనుకున్న నాలుగు పీకులు సబ్‌స్ట్రేట్‌వే కావచ్చు. ఇలాంటప్పుడు సబ్‌స్ట్రేట్‌లో అసలు లేని పీకు వెతకాలి. రుథినేట్ ఆర్థోరాంబిక్ సెల్‌లోని (221)కి ఘనాకార టైటనేట్‌లో జోడు లేదు. దానితో ఫై తిప్పితే ఆర్థోరాంబిక్ డొమైన్‌లు ఎన్ని ఉన్నాయో కూడా తెలుస్తుంది.

### 7.5 రెసిప్రోకల్ స్పేస్ మ్యాప్

ఒక పీకు చుట్టూ ఒమేగా, రెండు తీటా రెండూ మార్చి తీవ్రతని బొమ్మగా గీసేదే ఈ మ్యాప్. ఫిల్మ్ ఒదిగిందా, జారిందా అన్నది దీనితోనే తేలుతుంది. స్ట్రాంషియం టైటనేట్ (103) చుట్టూ తీయండి: రెండు తీటా 77.2°, ఒమేగా 20.2° లేదా 57.0°. మొదటిదాంట్లో కిరణం పల్చగా తాకుతుంది, పలుచని ఫిల్మ్‌కి తీవ్రత ఎక్కువ వస్తుంది.

చదివే పద్ధతి:

- ఫిల్మ్ మచ్చ సబ్‌స్ట్రేట్ మచ్చకి సరిగ్గా నిలువుగా ఉంటే పూర్తిగా ఒదిగింది.
- మూలబిందువుకి గీసిన గీత మీద పడితే పూర్తిగా జారింది. ఇది ఘనాకార ఫిల్మ్‌కే వర్తిస్తుంది.
- మధ్యలో పడితే జారుడు శాతం = (కొలిచిన అడ్డపు పొడవు − సబ్‌స్ట్రేట్ పొడవు) ÷ (ఫిల్మ్ సహజ పొడవు − సబ్‌స్ట్రేట్ పొడవు). రుథినేట్ 3.915 వచ్చిందనుకోండి: 0.010 ÷ 0.025 = 40%.

మ్యాప్‌ని ఫై 0, 90, 180, 270 నాలుగింటి దగ్గరా తీయండి. నాలుగింట్లో ఫిల్మ్ మచ్చ ఎత్తులు వేరువేరుగా ఉంటే సెల్ కొద్దిగా వాలి ఉన్నట్టు. రుథినేట్‌లో ఇది మామూలే. ఒక్క మ్యాప్‌తో ఆగితే ఈ వాలుని జారుడు అనుకునే ప్రమాదం ఉంది.

## 8. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఎప్పుడు కావాలి

ఎక్స్‌రే మిల్లీమీటర్ల మేర సగటు చెబుతుంది. సరిహద్దులో ఏ పొర ఏ పొర మీద ఉంది, డిస్‌లొకేషన్‌లు ఎంత దూరంలో ఉన్నాయి, మధ్యలో పలుచని అస్ఫటిక పొర దూరిందా అన్నవి కావాలంటే అడ్డకోత తప్పదు.

- కోత దిశ ముందే నిర్ణయించండి. గాలియం నైట్రైడ్‌ని [11-20] వెంట చూస్తే సఫైర్ [10-10] వెంట కనిపిస్తుంది.
- ఫోకస్డ్ అయాన్ బీమ్‌తో పలచన చేస్తుంటే చివరి అంచె 5 కిలోవోల్ట్‌లు లేదా అంతకన్నా తక్కువలో చేయండి. ఎక్కువ శక్తితో ఆపేస్తే బీమ్ చేసిన అస్ఫటిక పొరని సరిహద్దు పొరగా భ్రమపడతారు.
- బొమ్మ మొత్తానికి కాకుండా సరిహద్దుని ఆనుకుని రెండు వైపులా చిన్న పెట్టెలు తీసి ఫూరియర్ రూపాంతరం చేయండి. అదనపు అర్ధతలాలు లెక్కపెట్టి, 3వ అంచెలో రాసిన దూరంతో పోల్చండి.

లెక్క 1.9 చెబితే బొమ్మలో సగటున 1.9 దగ్గరే రావాలి. చాలా ఎక్కువ వచ్చిందంటే ఫిల్మ్ పూర్తిగా జారలేదు, లేదా మీరు చూస్తున్న దిశలో ఆ డిస్‌లొకేషన్‌లన్నీ కనిపించవు.

## 9. కనిపించేది, కారణం, చేయాల్సింది

ఫై స్కాన్‌లో పీకులే లేవు, చుట్టూ సమంగా తీవ్రత ఉంది. నిలువు దిశ మాత్రమే కుదిరింది. ఉపరితలం మీద అస్ఫటిక పొర ఉండొచ్చు, లేదా ఉష్ణోగ్రత చాలకపోవచ్చు. ముందు సబ్‌స్ట్రేట్ శుభ్రత చూడండి, తర్వాతే వేడి పెంచండి.

కొన్ని పీకులు పెద్దవి, కొన్ని చిన్నవి. ఖై అలైన్‌మెంట్ పోయి ఉండొచ్చు. సబ్‌స్ట్రేట్ పీకుల్లోనూ అదే తేడా ఉంటే అలైన్‌మెంట్ తప్పు. ఫిల్మ్‌లోనే ఉంటే డొమైన్‌ల వాటా సమానంగా లేదు.

ఫిల్మ్ పీకు రెండుగా చీలింది. ముందు ఆల్ఫా రెండో గీత కాదని తేల్చుకోండి: చీలిక వెడల్పు రెండు తీటాతో పాటు పెరిగితే అదే అయ్యుండొచ్చు, సబ్‌స్ట్రేట్ పీకులోనూ అదే చీలిక ఉంటుంది. కాకపోతే కింది భాగం ఒదిగి, పై భాగం జారిన ఫిల్మ్ కావచ్చు. మందం తగ్గించి ఇంకో నమూనా వేయండి.

(002)తో పాటు (110) కూడా వచ్చింది. మొదట్లో వేగం ఎక్కువైంది, లేదా ఉపరితలం మీద రెండు రకాల పొరలు కలిసి ఉన్నాయి. మొదటి కొద్ది నానోమీటర్లు నెమ్మదిగా వేసి చూడండి.

ఫిల్మ్ పీకు సబ్‌స్ట్రేట్ కింద దాక్కుంది. (003), (004) దగ్గరికి వెళ్లండి. కోణం పెరిగేకొద్దీ రెండూ విడిపోతాయి.

## 10. ఫలితం రాసే పద్ధతి

అమరికని ఎప్పుడూ జంటగా రాయాలి: ఒక తలం, ఆ తలంలోనే పడుకున్న ఒక దిశ. దిశ నిజంగా ఆ తలంలోదేనా అని సూచికలు గుణించి, కూడి చూడండి, సున్నా రావాలి. ఘనాకారానికి (001), [100] తీసుకుంటే 0 × 1 + 0 × 0 + 1 × 0 = 0, సరిపోయింది. (111) తలానికి [100] దిశ అని రాస్తే 1 వస్తుంది, అది తలంలోంచి బయటికి పొడుచుకొచ్చిన దిశ.

రిపోర్టులో ఉండాల్సినవి:

- నిలువు తలాలు, అడ్డం దిశలు, రెండు పదార్థాలకీ.
- మిస్‌మ్యాచ్, వాడిన సూత్రంతో సహా.
- ఫై స్కాన్‌లో ఫిల్మ్, సబ్‌స్ట్రేట్ తలాల పూర్తి సూచికలు, పీకుల సంఖ్య.
- రాకింగ్ కర్వ్ వెడల్పు, ఫిల్మ్‌ది, సబ్‌స్ట్రేట్‌ది.
- జారుడు శాతం, ఏ పీకు చుట్టూ తీసిన మ్యాప్ నుంచో.
- ఫిల్మ్ మందం. ఇది లేకుండా "పూర్తిగా ఒదిగింది" అని రాస్తే చదివేవాళ్లు ఆ మాటతో చేయగలిగింది ఏమీ లేదు.